‘నాకిష్టం లేదు’ అని రాసిచ్చిన చేయి

1562 జూలై 12. మెక్సికో తూర్పు కొసన, యుకటాన్ ద్వీపకల్పంలో మానీ అనే ఊళ్లో మంట లేచింది. దియేగో దె లాండా అనే ఫ్రాన్సిస్కన్ సన్యాసి దగ్గరుండి మాయా ప్రజల దేవతా విగ్రహాలను ధ్వంసం చేయించాడు, వాళ్ల పుస్తకాలను తగలబెట్టించాడు. ఆ పుస్తకాలు మన పాతకాలపు లెక్కల కడితాల్లా మడతలు మడతలుగా ఉండేవి. మర్రి జాతి చెట్టు బెరడును నలగ్గొట్టి చేసిన కాగితం, దాని మీద సన్నటి సున్నపు పూత, పూత మీద కుంచెతో ఎరుపు, నలుపు రాతలు. ఆ రోజు కాలినవి 27 అని చెబుతారు. దయ్యాల అబద్ధాలు తప్ప వాటిలో ఏమీ కనబడలేదు గనక అన్నీ కాల్చేశామనీ, అందుకు ఆ జనం ఎంతో కుమిలిపోయారనీ లాండా తానే రాసిపెట్టాడు. మంటలను, తేమను, కాలాన్ని తట్టుకుని ఈనాటికి మిగిలిన మాయా పుస్తకాలు నాలుగే నాలుగు.

రాళ్లు మాత్రం మిగిలాయి. గ్వాటెమాలా, మెక్సికో, బెలీజ్, హోండురాస్ అడవుల్లో నిలువెత్తు శిలాస్తంభాల మీద, గుడి మెట్ల మీద, ద్వారబంధాల మీద చతురస్రాకారపు గడుల్లో ఒదిగిన వింత అక్షరాలు. ఒక గడిలో జాగ్వార్ తల, పక్క గడిలో చేప, ఇంకో దానిలో అరచేయి. 1839లో కోపాన్ శిథిలాల ముందు నిలబడ్డ జాన్ లాయిడ్ స్టీఫెన్స్ అనే అమెరికన్ యాత్రికుడు, ఈ ప్రజల చరిత్ర ఈ రాళ్ల మీదే చెక్కి ఉందని నమ్మాడు. ఆయన నమ్మకం నిజమని తేలడానికి ఇంకో 120 ఏళ్లు పట్టింది.

నేను లిపి పండితుణ్ణి కాను. ఈ కథ మీద మక్కువతో దొరికిందల్లా చదువుతూ వచ్చిన మామూలు పాఠకుణ్ణి. చదివేకొద్దీ నాలో ఒక నమ్మకం బలపడింది. ఈ ముడిని విప్పే కొస మొదటినుంచీ అందరి కళ్లెదుటే ఉంది. దాన్ని రాసిచ్చిన మాయా మనిషి సరిగ్గానే రాసిచ్చాడు. అడిగినవాడికీ, తరువాత చదివినవాళ్లకూ అది అర్థం కాలేదు. గుణింతాలు దిద్దుకుని పెరిగిన తెలుగువాళ్లకు ఆ పొరపాటు ఎక్కడుందో ఇట్టే పట్టుబడుతుంది.

ముందుగా ఒక మాట. పాండవులకు మయసభ కట్టిన మయుడికీ ఈ మాయా ప్రజలకూ ఏ చుట్టరికమూ లేదు. ఉన్నది పేర్ల పోలిక మాత్రమే.

మొదటి ఆధారం: చుక్క, గీత, గవ్వ

మిగిలిన నాలుగు పుస్తకాల్లో అందమైనది జర్మనీలోని డ్రెస్డెన్ నగరంలో ఉంది. 1739లో అక్కడి రాజ గ్రంథాలయం కోసం వియన్నాలో సంపాదించారు. పుటల నిండా చుక్కలు, అడ్డగీతలు. చుక్క అంటే ఒకటి, గీత అంటే అయిదు అని 1832లోనే రఫినెస్క్ అనే పండితుడు పట్టుకున్నాడు. ఆ తరువాత 1880ల్లో ఆ గ్రంథాలయం బాధ్యుడు ఎర్నెస్ట్ ఫోర్‌స్టెమాన్ మిగతాదంతా రాబట్టాడు. మాయా లెక్క పదుల్లో సాగదు, ఇరవైల్లో సాగుతుంది. అంకెలు కింది నుంచి పైకి పేర్చుకుంటూ పోతారు. గవ్వలాంటి గుర్తు సున్న. ఒక చోట కనబడే 584 అనే సంఖ్య శుక్రగ్రహం మళ్లీ అదే స్థితికి రావడానికి పట్టే రోజుల లెక్క.

పంచాంగం కూడా విడిపోయింది. మాయావాళ్లకు 260 రోజుల చక్రం ఒకటి, 365 రోజుల చక్రం ఒకటి. రెండూ పళ్లచక్రాల్లా కలిసి తిరుగుతాయి. ఒకసారి పడిన తేదీ జంట మళ్లీ రావడానికి 52 ఏళ్లు పడుతుంది. ప్రభవ మళ్లీ రావడానికి మనకు 60 ఏళ్లు పట్టినట్టే. ఇవి కాక, క్రీ.పూ. 3114 నుంచి ఒక్కో రోజు లెక్కపెట్టుకుంటూ వచ్చే దీర్ఘ గణన వేరే ఉంది. దానివల్ల రాతి మీది తేదీని మన తేదీగా మార్చడం వీలైంది.

ఈ విజయమే కొత్త చిక్కు తెచ్చిపెట్టింది. చదవగలిగినవి తేదీలే గనక రాసినవి కూడా తేదీలే అనుకున్నారు. 20వ శతాబ్దం నడుమ ఈ రంగాన్ని ఏలిన ఎరిక్ థాంప్సన్ మహా విద్వాంసుడు, మాయా ప్రజలంటే ప్రాణం పెట్టినవాడు. శాసనాల్లో ఉన్నది కాలాన్ని ఆరాధించే పూజారుల ధ్యానమేననీ, రాజులు, యుద్ధాలు లాంటి లౌకిక విషయాలు వాటిలో ఉండవనీ ఆయన నమ్మాడు. ఆ గుర్తులు భావాలకే గానీ మాటల ఉచ్చారణకు కావన్నాడు. ఆయన మాటకు ఎదురు చెప్పే ధైర్యం చాలామందికి లేకపోయింది.

రెండో ఆధారం: పనికిరాదని పక్కన పెట్టిన పుట

పుస్తకాలు కాల్చిన లాండా మీద స్పెయిన్‌లో విచారణ జరిగింది. అక్కడున్న కాలంలోనే, 1566 ప్రాంతంలో, మాయా ప్రజల జీవితం గురించి ఒక గ్రంథం రాశాడు. దాని కుదించిన ప్రతి ఒకటి 1862లో మాడ్రిడ్‌లో బ్రాసర్ దె బూర్బూర్ అనే ఫ్రెంచి మతగురువు కంటబడింది. అందులో ఒక పుట మీద సుమారు 30 మాయా గుర్తులు, ఒక్కోదాని పక్కన ఒక్కో స్పానిష్ అక్షరం. ఆ, బే, సే... వరసగా.

తాళంచెవి దొరికిందని అందరూ సంబరపడ్డారు. బ్రాసర్ ఆ అక్షరాలతో ఒక మాయా పుస్తకం చదవబోయి సముద్రంలో మునిగిన అట్లాంటిస్ కథను దానిలో చూశాడు. ఇంకెవరు ప్రయత్నించినా పొంతన లేని శబ్దాలే. చివరికి ఆ పుట పరమ తప్పులతడక అని తీర్పు చెప్పి పక్కన పెట్టేశారు.

ఇక్కడ ఒక చిన్న పరీక్ష చేద్దాం. తెలుగు తప్ప మరో లిపి ఎరగని బామ్మగారి చేతికి కాగితం ఇచ్చి, ‘బామ్మా, బీ రాయి’ అనండి. ఆవిడ బ రాసి గుడిదీర్ఘం ఇస్తుంది. అది ఇంగ్లిషు అక్షరం పేరని ఆవిడకేం తెలుసు? విన్న శబ్దం రాసింది. రాసింది తప్పు కాదు. ఇప్పుడు ‘ఎల్, ఇ... లే’ అని స్పెల్లింగు చెప్పి రాయమనండి. ‘ఎల్ ఇ లే’ అని మొత్తం రాసి చేతికిస్తుంది.

లాండా విషయంలోనూ అచ్చం ఇదే జరిగింది. లాండా ‘బే’ అన్నాడు. మాయా లేఖకుడు ఒక పాదముద్ర గీశాడు. యుకటెక్ మాయా భాషలో ‘బే’ అంటే దారి, దారికి గుర్తు పాదముద్ర. లాండా ఉచ్చుతాడుకు పేరైన ‘లే’ అనే మాట రాయమని, స్పానిష్ పద్ధతిలో ‘ఎలే, ఎ, లే’ అని స్పెల్లింగు చెప్పాడు కాబోలు. లేఖకుడు ఎ-లే-ఎ-లే అని విన్నది విన్నట్టు రాసిచ్చాడు. రెండక్షరాల మాటకు ఇన్ని గుర్తులెందుకు పెడతారో లాండాకు బోధపడలేదు. ఒక వాక్యం ఏదైనా రాయమన్నప్పుడు లేఖకుడు రాసినది ‘మా ఇన్ కతి’. నాకిష్టం లేదు అని దాని అర్థం. లాండా ఆ అర్థంతో సహా గ్రంథంలో ఎక్కించుకున్నాడు.

ఆ జవాబులిచ్చినది గాస్పర్ ఆంతోనియో చి అనే మాయా పెద్దమనిషి అని పండితుల అంచనా. రెండు భాషలూ తెలిసినవాడు. ఆయన ఇచ్చినది అక్షరమాల కానే కాదు. గుణింతం. ఒక్కో గుర్తు హల్లూ అచ్చూ కలిసిన ఒక పూర్తి పలుకు. ఈ సంగతి మూడు వందల ఏళ్ల పైబడి ఎవరికీ తట్టలేదు.

మూడో ఆధారం: టర్కీ కోడి, కుక్క, పదకొండు

అది తట్టినవాడు అప్పటికి మాయా దేశాన్ని కంటితో చూడని మనిషి. యూరి క్నోరొజోవ్ 1922లో ఉక్రెయిన్‌లోని ఖార్కివ్ దగ్గర పుట్టాడు, లెనిన్‌గ్రాడ్‌లో పనిచేశాడు. ఒక మనిషి బుద్ధి పుట్టించినదాన్ని మరో మనిషి బుద్ధి విప్పగలదన్నది ఆయన పట్టుదల. ఆయన ముందున్నవి అచ్చువేసిన మాయా పుస్తకాల నకళ్లు, లాండా గ్రంథం, పాత నిఘంటువు.

మొదట గుర్తులు లెక్కపెట్టాడు. ఒక్కో శబ్దానికి ఒక్కో అక్షరముండే లిపిలో ముప్పై నలభై గుర్తులు చాలు. మాటకో బొమ్మ పెట్టే లిపికి వేలు కావాలి. మాయా లిపిలో వందల్లో ఉన్నాయి. అంటే కొన్ని మాటకు నిలిచే బొమ్మలు, కొన్ని పలుకు గుర్తులు. రెండూ కలిసిన లిపి.

తరువాత చేసిన పని కాగితం, పెన్సిలు తీసుకుని మనమూ చేసి చూడవచ్చు. మాడ్రిడ్‌లో ఉన్న పుస్తకంలో ఒక చోట టర్కీ కోడి బొమ్మ. పైన రెండు గుర్తులు. మొదటిదాన్ని లాండా పుటలో వెతికితే ‘కు’ అని ఉంది. యుకటెక్‌లో టర్కీ కోడి పేరు ‘కుత్స్’. అయితే రెండోది ‘త్సు’ అయి ఉండాలి. మనం చుక్క, చుట్టం అన్నప్పుడు పలికే చు ఇంచుమించు అదే.

ఇది ఊహ. రుజువు కావాలి. డ్రెస్డెన్ పుస్తకంలో ఒక కుక్క బొమ్మ. పైన రెండు గుర్తులు. మొదటిది ఇందాకటి త్సు. రెండోది లాండా పుటలో ‘ల’ శబ్దానికి ఇచ్చినది. నిఘంటువు తెరిస్తే ‘త్సుల్’ అనే మాట ఉంది. అర్థం కుక్క.

మూడో పరీక్ష. పదకొండు అనే అంకె రావలసిన చోట మూడు గుర్తులున్నాయి. మొదటిది చెరిగిపోయింది. రెండోది లు, మూడోది కు. యుకటెక్‌లో పదకొండును ‘బులుక్’ అంటారు. చెరిగినచోట బు పెడితే మాట నిండుతుంది.

నేను దీన్ని మొదటిసారి నోటుపుస్తకంలో గడులు గీసుకుని చేసి చూసినప్పుడు, త్సుల్ దగ్గర చేయి ఆగిపోయింది. టర్కీ కోడి తోకలో ఉన్న గుర్తు వచ్చి కుక్క తలలో కూర్చుంది. కాకతాళీయంగా ఇలా కుదరదు.

ఇందులో ఒక సూత్రం కూడా బయటపడింది. కుత్స్ అనే మాటను కు-త్సు అనీ, త్సుల్‌ను త్సు-లు అనీ రాశారు. మాట హల్లుతో ముగిస్తే, ముందున్న అచ్చునే దానికి తగిలించి రాసి, చదివేటప్పుడు ఆ చివరి అచ్చును వదిలేస్తారు. హల్లుతో ఆగిపోయే మాట మన నోటికీ నచ్చదు. అందుకే బస్‌ను బస్సు, రోడ్‌ను రోడ్డు చేసుకున్నాం. మనం ఆ అచ్చును పలుకుతాం, వాళ్లు రాసి ఊరుకున్నారు.

క్నోరొజోవ్ వ్యాసం 1952లో సోవియట్ పత్రికలో వచ్చింది. మరుసటి ఏడే థాంప్సన్ దాన్ని తీవ్రంగా ఖండించాడు. అవి అమెరికా, సోవియట్ శిబిరాల మధ్య మాటలు కరువైన రోజులు. అమెరికాలో మైకేల్ కో లాంటి కొందరు తప్ప ఆ కొస అందుకున్నవాళ్లు చాలాకాలం లేరు.

నాలుగో ఆధారం: తలెత్తిన కప్ప, దవడకు కట్టిన గుడ్డ

ఈలోగా మరో వైపు నుంచి ఇంకో కొస దొరికింది. తత్యానా ప్రొస్కురియాకోఫ్ 1909లో సైబీరియాలోని తోమ్‌స్క్‌లో పుట్టి, చిన్నప్పుడే అమెరికా చేరింది. చదివినది ఆర్కిటెక్చర్. గ్వాటెమాలాలోని పియెద్రాస్ నెగ్రాస్ శిథిలాల కొలతలు తీసి, ఒకనాడు ఆ నగరం ఎలా ఉండేదో బొమ్మలు గీసిన చేయి ఆమెది.

ఆ ఊరి శిలాస్తంభాలు గుంపులు గుంపులుగా నిలబడి ఉన్నాయి. ఒక్కో గుంపులో మొదటి రాతి మీద గూటిలో కూర్చున్న యువకుడి శిల్పం. ఆమె తేదీలు వరసపెట్టి చూసింది. ప్రతి గుంపులో ఒక ముఖ్యమైన తేదీ పక్కన, పంటినొప్పికి దవడకు గుడ్డ కట్టుకున్నట్టున్న తల గుర్తు. దానికి 12 నుంచి 31 ఏళ్ల ముందు ఇంకో తేదీ, పక్కన మొహం పైకెత్తిన కప్ప. ఏ గుంపు తేదీలు చూసినా మొదటి నుంచి చివరి వరకూ ఒక మనిషి ఆయుర్దాయాన్ని మించవు. ఆ గుంపు ముగిశాక కొత్త గుంపు, కొత్త యువకుడు.

దేవుళ్లకు ఆయుర్దాయం ఉండదు. కప్ప పుట్టుక, దవడ కట్టు పట్టాభిషేకం. గూటిలో కూర్చున్నది సింహాసనమెక్కిన రాజు. అంతవరకూ పూజారులనుకున్న పొడవాటి దుస్తుల మూర్తులు రాణులు. 1960లో వచ్చిన ఆమె వ్యాసం ఒక్క మాట కూడా పలికి చూపకుండానే శాసనాల్లో ఉన్నది చరిత్ర అని తేల్చింది. థాంప్సన్ కూడా ఒప్పుకోక తప్పలేదు.

అయిదో ఆధారం: డాలు పేరుగల రాజు

ఇప్పుడు రెండు కొసలూ కలవాలి. ఎలా పలకాలో క్నోరొజోవ్ చూపాడు, ఏం చెబుతున్నాయో ప్రొస్కురియాకోఫ్ చూపింది. అవి కలిసిన చోటు దక్షిణ మెక్సికోలోని పలెంకే.

అక్కడి శాసనాల గుడిలో నేల పలకకు ఉన్న రంధ్రాలను చూసి అనుమానపడ్డ అల్బెర్తో రూస్ అనే పురావస్తు శాస్త్రజ్ఞుడు, పలక లేపించి కిందికి దిగే మెట్లలో నింపిన రాళ్లూ మట్టీ ఏళ్ల తరబడి తోడించాడు. 1952లో, అంటే క్నోరొజోవ్ వ్యాసం వచ్చిన ఏడే, మెట్ల చివర సమాధి గది తెరుచుకుంది. రాతి శవపేటికలో పచ్చరాతి ముక్కల ముసుగు ధరించిన ఒక మనిషి. పేరు చెప్పగలవాళ్లు లేరు.

1973 డిసెంబరులో పలెంకేలో ఒక సదస్సు జరిగింది. చిత్రకళ బోధించే లిండా షీలీ, విద్యార్థి పీటర్ మాథ్యూస్, భాషాశాస్త్రజ్ఞుడు ఫ్లాయిడ్ లౌన్స్‌బరీ శాసనాల నకళ్లు పరుచుకుని కూర్చుని, కొన్ని గంటల్లో పలెంకే రాజుల వరస తయారుచేశారు. ఆ సమాధిలోని రాజు పేరును ఒక చోట డాలు బొమ్మగా చెక్కారు, మరో చోట ప-క-ల అని మూడు పలుకులుగా చెక్కారు. క్నోరొజోవ్ సూత్రం ప్రకారం చివరి అచ్చు వదిలేస్తే ‘పకాల్’. మాయా భాషలో పకాల్ అంటే డాలు. 10 అని రాసినా, పది అని రాసినా మనం చదివేది పదే కదా.

పకాల్ 603లో పుట్టాడు. పన్నెండేళ్లకు గద్దెనెక్కి, 683లో ఎనభయ్యో ఏట కన్నుమూశాడు. 2012 డిసెంబరు 21న లోకం అంతమవుతుందని మాయావాళ్లు చెప్పారంటూ మన ఇళ్లలో పిల్లలు కూడా భయపడ్డారు. ఈ పకాల్ గుడిలోని శాసనమే క్రీ.శ. 4772లో రాబోయే ఒక తేదీని కూడా లెక్కకట్టి చూపింది. 2012లో వాళ్ల లెక్కలో ఒక పెద్ద అంకె మారింది, అంతే.

ఆరో ఆధారం: చేప, చేప, కుండ అడుగు

చదువుతున్నది నిజంగా సరైనదేనా అనే సందేహానికి ఒక కుండ జవాబు చెప్పింది. గ్వాటెమాలా ఉత్తర అడవుల్లోని రియో అసుల్ దగ్గర 5వ శతాబ్దపు సమాధి ఒకటి 1984లో బయటపడింది. అందులో ఒక కుండ. పైన పట్టుకుని మోయడానికి పిడి, సీసా మూతలా తిప్పి బిగించే మూత, ఒంటి మీద సున్నపు పూత పైన రంగుల అక్షరాలు.

ఆ అక్షరాలు చదివినది డేవిడ్ స్టూవర్ట్. చిన్నప్పటి నుంచీ మాయా శిథిలాల మధ్య పెరిగి, పద్దెనిమిదేళ్లకే మెకార్థర్ పురస్కారం అందుకున్న యువకుడు. కుండ మీద ఒక గడిలో దువ్వెనలాంటి గుర్తు, ఒక చేప, వాటి వెంట ‘వ’ పలుకు. ఆ దువ్వెన లాండా పుటలో ‘క’ అని ఉన్నదే. ఆ దువ్వెన చేప మొప్పరెక్క అనీ, రెక్క గీసినా చేపంతా గీసినా పలుకు ఒకటే అనీ ఆయన గమనించాడు. అప్పుడది క-క-వ. చివరి అచ్చు రాలిపోతే ‘కకావ్’. చాక్లెట్‌కు మూలమైన కకావ్ గింజ పేరు. ఈ కుండ కకావ్ పానీయం కోసం అన్నమాట.

కుండ అడుగున అంటుకున్న మడ్డిని గీకి హెర్షీ చాక్లెట్ కంపెనీ ప్రయోగశాలకు పంపారు. అందులో కెఫీన్, థియోబ్రోమిన్ ఉన్నాయని తేలింది. కకావ్ గింజ ఆనవాళ్లే అవి. పదిహేను వందల ఏళ్ల కిందట ఒక లేఖకుడు కుండ మీద రాసిన మాటకు కుండలోని మడ్డే సాక్ష్యమిచ్చింది.

చివరి ఆధారం: మాట్లాడుతున్న నోళ్లు

క్నోరొజోవ్ ఇదే పద్ధతిని మన సింధు లిపి మీద కూడా ప్రయోగించాడు. 1960ల్లో ఆయన బృందం కంప్యూటర్లతో లెక్కలు వేసి, ఆ రాతల అమరిక ద్రావిడ భాషల తీరుకు దగ్గరగా ఉందని చెప్పింది. అయినా సింధు ముద్రలు ఇంతవరకు నోరు విప్పలేదు. అవి నాలుగైదు గుర్తుల చిన్న రాతలు. లాండా పుటలాంటిది అక్కడ లేదు. ఆ భాష ఏ నోట మిగిలిందో చెప్పలేం.

మాయా లిపి విడింది ఆ భాషలు బతికి ఉన్నందువల్ల. కుత్స్ అన్న మాట దొరికినా, పకాల్ అన్న మాట దొరికినా, అవి మాట్లాడే జనం ఉన్నారు గనక దొరికాయి. నేటికీ ముప్పై దాకా మాయా భాషలున్నాయి, వాటిని మాట్లాడేవాళ్లు అరవై లక్షలకు పైమాటే. రాతి శాసనాల భాషకు అతి దగ్గర చుట్టమైన చోర్తి భాష గ్వాటెమాలా తూర్పు కొండల్లో ఇప్పటికీ వినిపిస్తుంది. గ్వాటెమాలాలోని మొమొస్తెనాంగో ఊరి కిచె మాయా పెద్దలు 260 రోజుల చక్రాన్ని ఈనాటికీ లెక్కపెడుతున్నారు. రాతి తేదీలను పండితులు మన తేదీలుగా మార్చిన లెక్క ఆ పెద్దల లెక్కతో రోజు తేడా లేకుండా సరిపోయింది.

ఆ బతకడం సుఖంగా సాగలేదు. 1996లో ముగిసిన గ్వాటెమాలా అంతర్యుద్ధంలో రెండు లక్షల మందికి పైగా హతమయ్యారు లేదా మాయమయ్యారు. ఎవరన్నది గుర్తించగలిగిన బాధితుల్లో 83 శాతం మాయా ప్రజలేనని సత్యశోధన సంఘం 1999లో నివేదించింది. కిచె మాయా ఆడబిడ్డ రిగొబెర్తా మెంచూకు 1992 నోబెల్ శాంతి బహుమతి వచ్చినది ఆ చీకటి రోజుల్లోనే. తరగతి గదిలో తమ భాష మాట్లాడే హక్కు కోసం, దాన్ని ఎలా రాయాలో తామే నిర్ణయించుకునే హక్కు కోసం వాళ్లు పోరాడుతూనే వచ్చారు. గ్వాటెమాలాలో నేడు 22 మాయా భాషలకు చట్టపరమైన గుర్తింపు ఉంది.

పాత లిపి కూడా ఇప్పుడు సొంతవాళ్ల చేతికి తిరిగి వచ్చింది. లిండా షీలీ, ఆమె సహచరులు 1980ల చివరి నుంచి మాయా ఉపాధ్యాయులకు, భాషాభిమానులకు ఆ అక్షరాలు నేర్పే శిబిరాలు నడిపారు. అక్కడ నేర్చుకున్నవాళ్లు ఇంకొకరికి నేర్పారు. ఇప్పుడు వాళ్లు పిల్లల పేర్లు ఆ గడుల్లో రాస్తున్నారు, కొత్త శిలాస్తంభాలు చెక్కి నిలబెడుతున్నారు.

లాండా పుటలో ఆ వాక్యం అలాగే ఉంది. మ, ఇ, న్, క, తి. అయిదు గుర్తులు వరసగా. తన జాతి పుస్తకాలు కాల్చినవాడి ఎదుట కూర్చుని ఒక మాయా మనిషి రాసిచ్చిన వాక్యం. శిబిరంలో ఓనమాలు దిద్దుతున్న యుకటెక్ కుర్రవాడు దాన్ని వేలు పెట్టి కూడబలుక్కుని చదవగలడు. అర్థం తెలుసుకోవడానికి నిఘంటువు అక్కర్లేదు. ఇంట్లో అమ్మను అడిగితే చాలు.